అరవై మూడో నంబరు బిళ్ల

నాకు కోపం ఎక్కువ. సిగ్గుపడి చెబుతున్న మాట కాదిది. "దీనికి ముక్కు మీదుంటాది కోపం, దీన్ని ఎవుడు బరిత్తాడో" అని మా అమ్మ వీధంతా వినబడేలా అనేది. భరించడానికి మా మేనబావ దొరికాడు. పోర్టులో క్రేను నడిపేవాడు. పెళ్లయిన కొత్తలో నా అరుపులు విని, "మా షిఫ్టుకి సైరనక్కర్నేదే, నిన్ను తీసుకెల్లి కూకోబెడితే సాలు" అని ఏడిపించేవాడు. అందరూ నవ్వుకున్న ఆ కోపమే చివరికి నా మీద దొంగ అనే ముద్ర పడకుండా కాపాడింది. నా కోపమూ, గాజువాక అవతల ఒక గేదే.

తొంభైల్లో నేను ద్వారకా నగర్‌లో ఒక చిన్న సహకార బ్యాంకులో గుమాస్తాని. బస్సు కాంప్లెక్సు నుంచి నడిచిపోయేంత దూరం. కింద బట్టల కొట్టు, మధ్యలో మేము, మా నెత్తి మీద కోచింగ్ సెంటరు. పోర్టు కూలీలు, చేపలమ్ముకునే ఆడవాళ్లు, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి కాలనీల్లో తేలిన రైతులు, వీళ్లంతా మా ఖాతాదారులే. పెద్ద బ్యాంకుల్లో ఫారం నింపమంటే బెదిరిపోయేవాళ్లకి మా బ్యాంకు పుట్టిల్లులా ఉండేది. వాళ్ల ఫారాలు నేనే నింపేదాన్ని. విసుక్కుంటూనే నింపేదాన్ని, అది వేరే సంగతి.

నాది డబ్బు తీసుకునేవాళ్ల కౌంటరు. నా వెనక గోడకి ఒక చెక్క పలక, దానికి వంద మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ల ఉండేవి. బిళ్ల మీద బ్యాంకు పేరు, దాని కింద నంబరు, పైన దారం పట్టేంత చిల్లు. ఎవరైనా ఫారం ఇస్తే నేను వాళ్ల చేతికి ఒక బిళ్ల ఇచ్చి, ఫారం వెనక ఆ నంబరు వేసి, పక్కన నా పొట్టి సంతకం గీకి లోపలికి పంపాలి. మేనేజరు ఒప్పుకుంటే ఫారం క్యాషియరు దగ్గరికి పోతుంది. క్యాషియరు నంబరు పిలిచి, బిళ్ల తీసుకుని, డబ్బు ఇస్తాడు. సాయంత్రానికి బిళ్లలన్నీ నా దగ్గరికి తిరిగొస్తాయి. నేను వాటిని మేకులకి తగిలించి ఇంటికి పోతాను. ఇంతే పద్ధతి.

ఒకరోజు సాయంత్రం అరవై మూడో మేకు ఖాళీగా మిగిలిపోయింది. క్యాషియరు మంచివాడే గాని మతిమరుపు మనిషి. జేబులో కళ్లజోడు పెట్టుకుని గదంతా వెతికే రకం. బిళ్ల తీసుకోకుండానే ఎవరికో డబ్బు ఇచ్చేసి ఉంటాడని నాకు అప్పుడే తెలుసు. ఆయన మాత్రం, "నానందరికాడా తీసుకున్నానమ్మా, నువ్వే ఎక్కడో జారిడిసేసుంటావు" అన్నాడు. ఇద్దరం వాదించుకుంటుంటే మేనేజరు గదిలోంచి వచ్చాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. అంత మెత్తగా మాట్లాడేవాళ్లని చూస్తే నాకు మొదట్నించీ ఒళ్లు మంట.

"బిళ్లలు మీ అప్పగింతలో ఉంటాయి కదమ్మా. జీతంలో ఇరవై ఐదు రూపాయలు పట్టుకుంటాం. అంతకన్నా ఏముంది" అన్నాడు.

ఏముందా? నేను పారేయని వస్తువుకి నా జీతం కోస్తూ ఏముంది అంటాడేమిటి? "అయితే రసీదు రాసివ్వండి సార్" అన్నాను. ఇరవై ఐదు రూపాయలకి రసీదేమిటని ఆయన నవ్వాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. షట్టరు సగం దించేశారు, పైన కోచింగ్ సెంటరు పిల్లలు కూడా దిగి వెళ్లిపోయారు, నేను మాత్రం చేతులు కట్టుకుని అక్కడే కూర్చున్నాను. చివరికి ఆయన కాగితం తీసి రాశాడు. అరవై మూడో నంబరు బిళ్ల పోయినందున గుమాస్తా జీతంలోంచి ఇరవై ఐదు రూపాయలు మినహాయించడమైనది అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, బ్యాంకు ముద్ర కొట్టి ఇచ్చాడు.

మర్నాడు ఆ రసీదు తీసుకెళ్లి ఖాళీ మేకుకి గుచ్చాను. వచ్చినవాళ్లంతా అదేటని అడగడం, నేను మొదట్నించీ పూస గుచ్చినట్టు చెప్పడం. నాలుగో రోజుకి మేనేజరే కౌంటరు దగ్గరికి వచ్చి, "తీసెయ్యండమ్మా, బ్యాంకు పరువు పోతోంది" అన్నాడు. తీశాను. ఇంటికి తీసుకెళ్లి పెళ్లి ఫొటో ఫ్రేము వెనక దోపాను. కొత్త బిళ్ల చేయించమని ఆ ఏడూ అడిగాను, పై ఏడూ అడిగాను. "తొంభై తొమ్మిది ఉన్నాయి కదమ్మా, చాలవా" అనేవాడు. అరవై మూడో మేకు అలా బోసిగానే ఉండిపోయింది. పొద్దున్న కుర్చీలో కూర్చునే ముందు దాని వంక చూసి పళ్లు నూరడం నాకు అలవాటైపోయింది.

ఏళ్లు గడిచాయి. కొత్త శతాబ్దం వచ్చింది. క్యాషియరు గుండెపోటుతో పోయాడు. ఆయన పోయిన మరుసటి నెల ఒక పొద్దున్న నేను బ్యాంకుకి వెళ్లేసరికి షట్టరు మీద కాగితం అంటించి ఉంది, దాని ముందు మెట్ల దాకా జనం. బ్యాంకు దివాలా తీసింది. ఒక చేపలామె ఖాళీ గంప నేలకేసి కొట్టి నన్నే చూస్తూ ఉండిపోయింది. అరిచినా బాగుండేది.

మేము సీతమ్మధారలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్లం. కింది వాటాలో నేను అప్పా అని పిలిచే ఒకావిడ ఉండేది, ఆమె నా మాట మీదే మా బ్యాంకులో డబ్బు వేసింది. దివాలా సంగతి తెలిసిన రోజు నుంచి ఆమె నాతో మాట మానేసింది. నేను మెట్లు దిగుతుంటే తలుపు వేసేసుకునేది. ఆమెని తప్పుపట్టలేను. ఆమె స్థానంలో నేనుంటే తలుపు వేసి ఊరుకునేదాన్ని కాదు, తలుపు ఊడబెరికి మీదపడేదాన్ని.

ప్రభుత్వం విచారణ వేసింది. హైదరాబాదు నుంచి ఒక అధికారి వచ్చి మేనేజరు గదిలో మకాం పెట్టాడు. సన్నటి మనిషి, దళసరి కళ్లజోడు. మజ్జిగ సీసా పక్కన పెట్టుకుని పొద్దస్తమానం కాగితాలు తిప్పేవాడు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. నా వంతు చివర్లో వచ్చింది.

ఆయన నా ముందు ఒక కట్ట పెట్టాడు. బ్యాంకు మూతపడే ముందు మూడేళ్లలో డబ్బు తీసిన ఫారాలవి. ఎప్పుడో ఊరు వదిలిపోయినవాళ్లవీ, చచ్చిపోయినవాళ్లవీ ఆ ఖాతాలు. వాటిలోంచి పెద్ద పెద్ద మొత్తాలు తీసేశారు. ఒక్కోదాని మీదా ఎవరిదో వేలిముద్ర. ఎవరిదో ఎవరికీ తెలీదు. బ్యాంకు మునిగింది ఆ చిల్లులోంచే.

"వెనక పొట్టి సంతకాలు మీవేనామ్మా?" అని అడిగాడు.

చూశాను. నావిలాగే ఉన్నాయి. చివర తోక కూడా నేను తిప్పినట్టే తిప్పారు. "నావిలాగే ఉన్నాయి గాని నావి కావండీ" అన్నాను.

"అందరూ అదే అంటారు" అన్నాడు ఆయన. "మనుషుల్ని చూసి బిళ్ల ఇచ్చింది గుమాస్తా, డబ్బు ఇచ్చింది క్యాషియరు, వాళ్లిద్దర్నీ నమ్మి నేను సంతకం పెట్టానని మీ మేనేజరు రాసిచ్చారు. క్యాషియరు లేరు. మీరున్నారు. వచ్చే సోమవారం నా నివేదిక వెళ్లిపోతుంది. బాధ్యుల జాబితాలో మీ పేరు ఉంటే పోలీసు కేసు తప్పదు."

అరిచాను. ఆ గది గోడలు అంత అరుపు ఎప్పుడూ విని ఉండవు. నేనెలాంటిదాన్నో, ఎవరింటి పిల్లనో, పదిహేనేళ్లలో ఒక్క పైసా తేడా వచ్చిందేమో చూసుకోమని, ఆయన ఉద్యోగాన్నీ ఆయన కళ్లజోడునీ కలిపి అరిచాను. ఆయన కదల్లేదు. మజ్జిగ తాగి సీసాకి మూత బిగించాడు. "అయిందా అమ్మా? అయితే కూర్చుని ఇంకోసారి చూడండి. నాకు తొందరేం లేదు" అన్నాడు.

కోపం దిగాక నాకు కళ్లు కనబడ్డాయి. అప్పటిదాకా సంతకాన్ని చూశాను గాని, దాని పక్కన నంబరు చూడలేదు. మొదటి ఫారం వెనక అరవై మూడు. రెండో దాని వెనకా అరవై మూడే. కట్టంతా తిరగేశాను. ప్రతి కాగితం మీదా అదే నంబరు. నాకు నవ్వొచ్చింది. ఇందాక అరిచిన గొంతుతోనే పగలబడి నవ్వాను. ఈవిడకి మతి పోయిందనుకున్నాడేమో, ఆయన మొదటిసారి కళ్లజోడు తీసి నన్ను చూశాడు.

చెప్పాను. దొంగ ఫారం వెనకైనా ఏదో ఒక నంబరు వేయాలి, లేకపోతే ఆడిట్‌లో దొరికిపోతుంది. పన్నెండో, ఇరవయ్యో వేస్తే అదే రోజు ఆ బిళ్ల నిజంగా ఎవరికో ఇచ్చి ఉండొచ్చు, ఒకే నంబరు రెండు ఫారాల మీద కనబడుతుంది. ఎవరి చేతికీ ఎన్నడూ వెళ్లని నంబరు కావాలి. అలాంటిది మా బ్యాంకులో ఒక్కటే ఉంది. ఆ బిళ్ల పోయి ఎన్నో ఏళ్లయింది, పోయిందని మేనేజరు తన చేత్తో రాసిన రసీదు నా దగ్గరుంది.

"ఎక్కడుంది?"

"మా పెళ్లి ఫొటో వెనకాల" అన్నాను.

మర్నాడు రసీదు తెచ్చి బల్ల మీద పెట్టాను. అధికారి మేనేజర్ని పిలిపించాడు. ఆయన రసీదు చదివి, ఏమాత్రం తొణక్కుండా తలూపాడు. "నిజమేనండీ, పోయింది. వారం తిరక్కుండానే బీరువా కింద దొరికింది. మళ్లీ వాడుకలో పెట్టాం. ఈవిడ మర్చిపోయినట్టున్నారు" అన్నాడు. అంతటితో ఆగలేదు. సంచిలోంచి ఒక ఇత్తడి బిళ్ల తీసి రసీదు పక్కన పెట్టాడు. బ్యాంకు పేరు, కింద అరవై మూడు.

"అబద్ధమండీ, ఇది నిన్నో మొన్నో చేయించింది" అన్నాను. అధికారి దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "కావచ్చు. కానీ కావచ్చు అని నివేదికలో రాయలేను కదమ్మా. అసలు బిళ్ల ఎక్కడుందో చెప్పగలరా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం నేను వంట చెయ్యలేదు. బావ డ్యూటీ నుంచి వచ్చి, జరిగిందంతా విని, చొక్కా కూడా విప్పకుండా గచ్చు మీద కూర్చుని ఆలోచించాడు.

"రసీదు మీద తారీకుందా?" అన్నాడు.

"ఉంది."

"మరేటే. ఆ రోజు ఆ బిళ్ల ఎవులికిచ్చినావో పారం ఎనకాల నువ్వే రాసుంటావు కదేటి. ఆ పారం ఒట్టుకుంటే మనిసి దొరుకుతాది."

నిజమే కదా. పదిహేనేళ్లుగా ఆ పని చేస్తున్న నాకు తట్టలేదు, క్రేను నడిపేవాడికి తట్టింది. ఆ ముక్క ఇప్పటికీ నెలకోసారైనా నా మొహాన అంటాడు.

అధికారి పాత కట్టలు తెరిపించాడు. తుమ్ముకుంటూ, ఎలుకలు కొరికినవి పక్కకి పెట్టుకుంటూ రెండు రోజులు వెతికాం. శనివారం మధ్యాహ్నం దొరికింది. నా చేతిరాతే, అరవై మూడు, పక్కన నా అసలు పొట్టి సంతకం. ముందు వైపు ఒక ఆడమనిషి వేలిముద్ర. ఊరు గాజువాక అవతల, ఉక్కు ఫ్యాక్టరీకి ఊళ్లు వదిలినవాళ్ల కాలనీ. ఆమె ఆ రోజు ఖాతాలో ఉన్నదంతా తీసేసుకుంది. మనిషి ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున్నే బావ స్కూటరు తీశాడు. కాలనీలో ఇద్దర్ని అడిగేసరికే చుట్టూ జనం మూగారు. "మునిగిపోనాదే, ఆ బ్యాంకోలేనా?" అని ఒకామె నడుం మీద చేతులేసుకుంది. ఇంకో సమయంలో అయితే నేనూ నడుం మీద చేతులేసుకునేదాన్ని. ఆ రోజు తల దించుకుని, "అవునమ్మా" అని, ఫారం మీద పేరు చదివి ఇల్లెక్కడని అడిగాను. రేకుల షెడ్డున్న ఆఖరి ఇల్లు చూపించారు.

అక్కడ ఒక మామ్మ కుడితి తొట్టిలో తవుడు కలుపుతోంది. తొట్టి పక్కన నల్లగా నిగనిగలాడుతూ ఒక గేదె. నాకు మామ్మ మొహం కంటే ముందు గేదె మెడ కనబడింది. నల్లతాడు, తాడుకి నాలుగు గవ్వలు, గవ్వల మధ్య ఒక ఇత్తడి బిళ్ల. బావ నా మోచెయ్యి పట్టుకోకపోతే తొట్టిలో పడేదాన్ని.

మామ్మ చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చి, నా మొహంలోకి చూసింది. "ఒలమ్మ, నువ్వు బ్యాంకమ్మవి కదూ. నువ్విచ్చిన బిల్లేనమ్మా అది. ఆ డబ్బట్టుకెల్లి మర్నాడే పెయ్యని కొన్నాను. కొన్ననాడే మెల్లో కట్టీసినాను. ఇంతవరకూ నన్ను సల్లగా సూసినాది."

"నేనెందుకిస్తాను మామ్మా? అది తిరిగిచ్చేసే బిళ్ల. అది పోయిందని నా జీతం కోశారు" అన్నాను. గొంతు పెరుగుతోందని నాకే తెలుస్తోంది.

ముసలామె బిత్తరపోయింది. "ఇది నాకేనా తల్లీ అనడిగినాను కదమ్మా. నీకేలే, ఎల్లి కూకో అన్నావు. ఆ క్యాసు బాబు కూడా డబ్బిచ్చి ఎల్లమన్నాడు గాని బిల్ల అడగనేదు. బ్యాంకోలు ఇచ్చినారు కదాని దాసుకున్నాను."

అన్నాను. తప్పకుండా అనే ఉంటాను. ఆ విసుగు నాది కాక ఇంకెవరిది? ఎనిమిదేళ్లు క్యాషియర్ని తిట్టుకున్నాను, ఆయన పోయాక కూడా తిట్టుకున్నాను. నా నోటి మాటే ఆ బిళ్లని ఇంత దూరం పంపిందని తెలిసేసరికి తిట్లన్నీ గొంతులోనే ఆగిపోయాయి. చచ్చినాయన నాకు కనబడి నవ్వినట్టయింది.

బావ బిళ్ల దగ్గరికి చెయ్యి చాపాడు. మామ్మ అడ్డం వచ్చేసింది. "ముట్టుకోకు నాయినా. అది మెల్లో నేకపోతే పాలు సేపదు."

"నాను ఇప్పనులే మామ్మా" అని బావ నా వైపు తిరిగాడు. "ఇప్పకూడదు కూడా. మనమట్టుకెల్తే మనమే సేయించినామంటాడు మీ మేనేజరు. ఆ ఆపీసరే ఇక్కడికి రావాల. అయినా ఇది ఇన్నేల్లూ ఇక్కడే ఉన్నాదని సాచ్చికమేటి? కాలనీ అంతా సెప్పినా మనం సెప్పించినామంటాడు."

"కాగితాలు కావాలేటి?" అంది మామ్మ.

లోపలికెళ్లి ట్రంకు పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. గేదెకి బీమా కాగితాలు. ఏటేటా పశువుల డాక్టరు వచ్చి చూసి రాసిచ్చే పత్రాలు. మొదటి ఏడు ఆయన గేదె చెవికి నంబరు బిళ్ల కుట్టడానికి వచ్చాడట. గేదె ఆయన్ని తొట్టిలోకి కుమ్మిందట. మామ్మ కూడా చెవి కుట్టొద్దని కాళ్లావేళ్లా పడిందట. "అప్పుడా డాట్రుబాబు, దీని మెల్లో నంబరెలాగూ ఉన్నాది, ఇదే రాసీత్తాలే అన్నాడమ్మా" అంది.

పత్రం విప్పి చదివాను. గుర్తింపు చిహ్నములు. వంపు కొమ్ములు, తోక చివర తెలుపు, మెడలో ఇత్తడి బిళ్ల. దాని కింద మా బ్యాంకు పేరు ఉన్నదున్నట్టు. దాని పక్కన నంబరు అరవై మూడు. మరుసటి ఏడు పత్రంలో కూడా అదే, ఆ పై ఏడూ అదే. డాక్టరు ప్రతి ఏడూ గేదెని చూసి, బిళ్ల చదివి, తేదీ వేసి, సంతకం పెట్టి, గుండ్రటి సర్కారు ముద్ర కొట్టాడు. బ్యాంకు మునిగే ముందు మూడేళ్లలో ఒక్క ఏడు కూడా తప్పిపోలేదు. నేను పేడలోనే కూలబడి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. గేదె మూతి తెచ్చి నా జడ వాసన చూసింది.

సోమవారం విచారణ గది తెరిచే వేళకే అధికారి ముందు నిలబడ్డాను. "అసలు బిళ్ల దొరికిందండీ. తేలేను. మీరే రావాలి" అన్నాను.

"ఎవరి దగ్గరుంది?"

"గేదె దగ్గర."

ఆయన పెన్ను కింద పెట్టాడు. తర్వాత జీపు తియ్యమని చెప్పి, మేనేజర్ని కూడా ఎక్కమన్నాడు.

మేనేజరు మెరిసే బూట్లతో పేడలో దిగడం చూశాను, చాలు నా జన్మకి. అధికారి మాత్రం ప్యాంటు అంచులు మడిచి తిన్నగా గేదె దగ్గరికి పోయాడు. ముందు పత్రాలన్నీ వరసగా చదివాడు. తర్వాత వంగి గేదె మెడ చదివాడు. ఏళ్ల తరబడి ఒరుసుకుని బిళ్ల ఒక పక్క అరిగిపోయింది, చిల్లు తాడు రాపిడికి సాగిపోయింది. అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. ఈలోపు గేదె ఆయన ఫైలు అట్టని శుభ్రంగా నాకింది. ఆయన విసుక్కోలేదు.

"మీ బిళ్ల ఇవ్వండి" అని మేనేజరు దగ్గర తీసుకుని, దీని పక్కన పెట్టి చూశాడు. "మీ బ్యాంకులో ఒకే నంబరువి రెండు ఉంటాయా?"

మేనేజరు బూటుకంటిన పేడ గడ్డికి రాసుకున్నాడు.

"బీరువా కింద దొరికిందన్నారు. అంటే ఆ మూడేళ్లూ డబ్బు తీసుకున్నవాళ్లు ఈ గేదెని తోలుకుంటూ ద్వారకా నగర్ వచ్చారనుకోవాలా? మీ మెట్లు ఎక్కగలదా ఇది?"

కాలనీ జనం గొల్లుమన్నారు. అధికారి పెదవులు కూడా సాగాయి, ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే. మేనేజరు ఏదో చెప్పబోయాడు. ఆ మెత్తటి గొంతు ఆ రోజు అసలు పైకి రాలేదు. నిన్న నడుం మీద చేతులేసుకున్న ఆమే నా భుజం మీద చెయ్యేసి, "బలే దానివే" అంది. నాకు ఎవరో కిరీటం పెట్టినట్టయింది.

అక్కడ్నించి అంతా జారుడుబండే. తిరిగొచ్చాక మేనేజరు ఒప్పుకుంటూ రాసిచ్చాడు. నా సంతకం తనే దించి, మెట్లెక్కలేని ముసలివాళ్లకని చెప్పి మతిమరుపు క్యాషియరు దగ్గర ఆ డబ్బు తనే తీసుకునేవాడట. దొంగ ఫారాల డబ్బుతో మధురవాడలో తన బంధువుల పేర్ల మీద స్థలాలు కొన్నాడు. ప్రభుత్వం వాటిని జప్తు చేసి అమ్మింది. అప్పటికి మధురవాడలో ధరలు పెరిగిపోయి ఉన్నాయి, కొన్న రేటుకంటే ఎక్కువే వచ్చింది. దొంగ తెలివి మాకలా కలిసొచ్చింది. ఖాతాదారులకి ఆలస్యమైనా డబ్బు చేతికందింది. మా కింది వాటా అప్పకి డబ్బు వచ్చిన రోజు ఆమె పులిహోర గిన్నె పట్టుకుని పైకొచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఏటనుకోకే" అంది. అనుకున్నాను, అదే మాట మొహం మీద చెప్పాను కూడా. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని గిన్నె ఖాళీ చేశాం.

బిళ్ల సంగతి అధికారి పద్ధతిగా తేల్చాడు. దాన్ని సాక్ష్యంగా రాసుకుని, ఫొటో తీయించి, గేదె యజమానురాలి అప్పగింతలోనే ఉంచుతున్నట్టు కాగితం రాసి మామ్మ చేత వేలిముద్ర వేయించాడు. పాలు సేపకపోతే ఎవరిది బాధ్యత అని మామ్మ అడిగిందట.

నేను చెప్పాలనుకున్నది మాత్రం చివరి రోజు సంగతి. నివేదిక పంపే ముందు అధికారి నన్నూ మేనేజర్నీ కూర్చోబెట్టి, మా ఇద్దరికీ సంబంధించిన ముక్క చదివి వినిపించాడు. ఫారాల వెనక ఉన్న సంతకాలు గుమాస్తావి కావనీ, అవి ఫోర్జరీ అనీ, ఈ విచారణ నిలబడింది ఆమె భద్రపరిచిన రసీదు వల్లనేననీ రాశాడు. బాధ్యుల జాబితాలో నా పేరు లేదు. సాక్షుల జాబితాలో మొదటి పేరు నాదే. నేను ఒక్క అరుపూ అరవలేదు. అరవడానికి ఏమీ మిగల్లేదు.

"ఇంకేమైనా చెప్పుకోవాలా అమ్మా?" అని అడిగాడు.

"ఇరవై ఐదు రూపాయలు" అన్నాను.

ఆయన అర్థం చేసుకున్నాడు. నవ్వలేదు, కొట్టిపారేయలేదు. మేనేజరు వైపు తిరిగి, "బిళ్ల పోలేదని తేలింది. కోసింది ఇచ్చేయండి" అన్నాడు. మేనేజరు పర్సు తీశాడు. రెండు పది నోట్లు, ఒక ఐదు బల్ల మీద పెట్టాడు. తల ఎత్తలేదు. నేను నోట్లు లెక్కపెట్టి పర్సులో వేసుకున్నాను. ఆయన లేవబోతుంటే, "ఆగండి సార్" అన్నాను.

తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకున్నాను. అరవై మూడో నంబరు బిళ్ల నిమిత్తం నా జీతంలోంచి కోసిన ఇరవై ఐదు రూపాయలు ఈ రోజు నాకు ముట్టినవి అని రాసి, తేదీ వేశాను. కింద పొట్టి సంతకం పెట్టలేదు. ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు, ఒక్కో అక్షరమూ విడివిడిగా, ఎవరైనా చదివేలా రాసి రసీదు ఆయన చేతికిచ్చాను.